ఊరికి 180 గంటలు సరే, ఆటో చార్జీ ఎవరిస్తారు?

రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల వైస్ చాన్సలర్లకు నమస్కారం.

నేను కనిగిరి వైపు ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. కాలేజీ పేరు రాయను. రాస్తే మా ప్రిన్సిపాల్ గారికి ఫోన్లు వస్తాయి, ఇందులో ఆయన తప్పేమీ లేదు. పైగా నేను చెప్పబోయేది ఒక్క మా కాలేజీ బాధ కాదు.

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు గురించే ఈ ఉత్తరం. పిల్లలు సీఎస్పీ అంటారు. మొదటి ఏడాది పరీక్షలయ్యాక, ఎండాకాలం సెలవుల్లో, ప్రతి డిగ్రీ విద్యార్థీ ఏదో ఒక ఊళ్లోనో వార్డులోనో 180 గంటలు పనిచేయాలి. నాలుగు క్రెడిట్లు. 2020-21లో సిలబస్ మార్చినప్పుడు ఇది వచ్చింది. మా స్టాఫ్ రూములో చాలామంది సణిగారు. నేను సణగలేదు. పుస్తకంలో నీటి కాఠిన్యం చదివి, ఇంటికెళ్లి ఆ నీళ్లే తాగే పిల్లలకు ఆ రెంటికీ సంబంధం ఉందని తెలియడానికి ఇదొక్కటే దారి అనుకున్నాను. ఇప్పటికీ అదే అంటాను. అందుకే ఈ ఉత్తరం తీసేయమని అడగడానికి కాదు.

రెండేళ్ల కిందటి మే నెల సంగతి చెబుతాను.

నాకు అప్పగించిన 34 మందిలో అయిదుగురిది ఒకే ఊరు. ముగ్గురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. తాగునీటిలో ఫ్లోరైడ్ మీద చేస్తామని వాళ్లే వచ్చారు. మా ప్రాంతంలో అది వెతుక్కోవాల్సిన టాపిక్ కాదు, నవ్వితే కనపడుతుంది. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లలు నా ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. పళ్ల మీద గోధుమరంగు చారలు. ఈ అయిదుగురిలో ఇద్దరికి ఉన్నాయి.

మొదటి వారం ఇంటింటి సర్వే చేశారు. తర్వాత అవగాహన కార్యక్రమం జరపాలి, లాగ్ బుక్కులో దానికి పేజీలున్నాయి కాబట్టి. అట్ట ముక్కలు కోసి, స్కెచ్ పెన్నులతో నినాదాలు రాసుకుని, పొద్దున ఏడింటికే ఊరేగింపు తీశారు. ఒక అరుగు మీద పెద్దావిడ కూర్చుని ఉంది. మోకాళ్లు రెండూ వంకర పోయి, లేవాలంటే స్తంభం పట్టుకోవాలి. పిల్లలు ఆవిడ ముందు ఆగి ఫ్లోరైడ్ వల్ల ఎముకలకు ఏమవుతుందో చెప్పడం మొదలుపెట్టారట. ఆవిడ మొత్తం విని ఇలా అంది:

"ఈ నీళ్లు చెడ్డయ్యని నాకు చెప్పేదానికి ఇంత ఎండన పడి వచ్చారా అమ్మా? నా కాళ్లు చూడండి. ఉండే నాలుగిట్లో ఏది కాస్త నయమో అది చెప్పండి, ఆడి నుంచే తెచ్చుకుంటాం."

ఆ సాయంత్రం పిల్లలు నాకు ఫోన్ చేశారు. గొంతులో టెన్షన్. "మేడమ్, ఇప్పుడేం చేయాలి?" ఆ ప్రశ్నతోనే వాళ్ల ప్రాజెక్టు మొదలైందని నాకనిపించింది. అంతవరకూ చేసింది లాగ్ బుక్ నింపుడు.

ఆ ఊళ్లో మూడు బోర్లు, గుడి వెనక ఒక చేతిపంపు. పరీక్ష చేయాలంటే కిట్ కావాలి. మా ల్యాబ్ బీరువాలో ఫ్లోరైడ్ రీఏజెంట్ సీసా ఒకటి ఉంది, దాని గడువు తీరి చాలాకాలమైంది. కొత్త కిట్టు ఒంగోలు నుంచి తెప్పించాలన్నారు. రెండువేల ఎనిమిది వందలు. పిల్లలు తలా రెండు వందలు వేసుకున్నారు. అందులో ఒకమ్మాయి తల్లి ఉపాధి పనికి పోతుంది. ఆ అమ్మాయి ఆ నెల ఫోన్ రీచార్జ్ మానుకుని ఇచ్చిందని నాకు తర్వాత తెలిసింది. మిగతాది నేను వేశాను. బిల్లు పట్టుకుని ఆఫీసుకు వెళ్తే మూడు కొటేషన్లు ఏవన్నారు. ముందు అనుమతి తీసుకున్నారా అన్నారు. అసలు ఏ పద్దు కింద రాయాలో తెలియదన్నారు. ఆ చివరిది మాత్రం న్యాయమైన మాట. సీఎస్పీకి పద్దు లేదు. ఉంటే ఆ గుమాస్తా రాసేవాడే.

కిట్టు వచ్చాక ఒక ఆదివారం నేనూ వెళ్లాను. వేపచెట్టు కింద బల్ల వేసి కూర్చున్నాం. పని తేలికే. గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పోయాలి, సీసాలోంచి చుక్కలు లెక్కపెట్టి వేయాలి, కాసేపు ఆగి పక్కన రంగుల కార్డు పెట్టి ఏ గడితో కలుస్తుందో చూడాలి. ఫ్లోరైడ్ తక్కువుంటే గులాబీ రంగు నిలుస్తుంది, ఎక్కువైన కొద్దీ పసుపు వైపు జారుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపే ఉండాలనీ, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా సహించవచ్చనీ మన దేశపు ప్రమాణం. మొదటి బోరు నీళ్లు చూస్తుండగానే పసుపయ్యాయి, అందులో వాదన లేదు. రెండోదాని దగ్గర గొడవ వచ్చింది. చెట్టు నీడలో ఒక గడితో కలుస్తోంది, ఎండలోకి తీసుకెళ్తే పక్క గడితో కలుస్తోంది. అయిదుగురూ రెండు జట్లయ్యారు. చివరికి ఒకబ్బాయి నోటుబుక్కులోంచి తెల్లకాగితం చింపి గొట్టం వెనక పెట్టి, ఇకనుంచి ప్రతి పరీక్షా ఇలాగే, ఇదే నీడలోనే చేద్దామన్నాడు. ఈ ఇంగితం నేను మూడేళ్లు ప్రాక్టికల్స్ చేయించినా రాదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మీకు ఏ ఫార్మాట్‌లో పంపాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటిలోకీ గులాబీ రంగు బాగా నిలిచింది గుడి వెనక చేతిపంపు నీళ్లలో. ఊళ్లో ఎవరూ తాగని నీళ్లవి. ఉప్పగా ఉంటాయని బర్రెలకు పోస్తారు. అందరూ బిందెలతో క్యూ కట్టేది తియ్యగా ఉండే బోరు దగ్గర. ఆ తియ్యటి నీళ్లే గొట్టంలో పసుపయ్యాయి. కెమిస్ట్రీ తెలిసినవాళ్లకు ఇందులో వింత లేదు. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి ఉండలేదు. కాల్షియం తక్కువై, నోటికి ఇంపుగా ఉండే నీళ్లలోనే చాలాచోట్ల అది పేరుకుంటుంది. ఇదంతా అరుగు మీద పెద్దావిడకు చెప్పడం మాత్రం తేలిక కాదు. "బర్రెలు తాగేవి మేం తాగాలా?" అంది. తాగమని చెప్పే ధైర్యం నాకూ లేదు. ఫ్లోరైడ్ తక్కువైనంత మాత్రాన నైట్రేటు, లవణాలు ఎంతున్నాయో ఆ గొట్టం చెప్పదు. ల్యాబ్‌లో పూర్తి పరీక్ష చేయించాలి. సీసాల్లో పట్టి గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబుకు పంపాం.

ఇక నేను సిగ్గుపడే సంగతి. సీసాల మీద సంతకం కోసం పంచాయతీ ఆఫీసుకు వెళ్తే, అక్కడి బీరువాలో మేం కొన్నలాంటి కిట్టే ఉంది, సీలు కూడా తీయలేదు. ఇంటింటికీ కుళాయి నీళ్లివ్వాలని 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్లకు ఈ పరీక్ష నేర్పి కిట్టు చేతికివ్వాలన్నది పద్ధతి. నాకు తెలియదు. పిల్లలకు అసలే తెలియదు. ముందు పంచాయతీలో అడిగి రండి అని చెప్పే మనిషి ఒకరుంటే రెండువేల ఎనిమిది వందలూ మిగిలేవి, అంతకన్నా ముఖ్యంగా ఆ అయిదుగురు ఆడవాళ్లు మొదటి రోజునుంచీ మాతో ఉండేవాళ్లు. మేం వచ్చేశాక కూడా పరీక్షలు సాగేవి.

అందుకే నేను డబ్బు ఒక్కటే అడగడం లేదు. డబ్బుకంటే ముందు, ఊరి పని చేసిన అనుభవం ఉండి పిల్లల్ని ప్రశ్నలు అడిగే మనిషి కావాలి. మీరు కోచ్ అనండి, మెంటర్ అనండి. ఆ మనిషి ఫ్లోరైడ్ పండితుడు కానక్కర్లేదు. ఈ పని ఇంతకుముందు ఎవరు చేశారు, ఎందుకు ఆగింది, ఊళ్లో ఎవరిని అడిగారు, మీరు వెళ్లిపోయాక ఎవరు చూస్తారు అని నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబు వచ్చేదాకా కదలనివ్వకపోతే చాలు. ఈ పని లెక్చరర్లదే కదా అంటారేమో. కాగితం మీద మాదే. 34 మంది, పదికి పైగా ఊళ్లు, సెలవుల కాలం. ఈ పని మా వర్క్‌లోడ్‌లో ఒక్క గంటగా కూడా లెక్కలోకి రాదు. నేను ఆ ఒక్క ఊరికి మూడుసార్లు వెళ్లానంటే, మిగతా ఊళ్లలో ఎనిమిదింటికి అసలు వెళ్లలేదని అర్థం. అక్కడ ఏం జరిగిందో లాగ్ బుక్కుల్లో చదివి మార్కులు వేశాను. కొన్ని లాగ్ బుక్కుల్లో ఒకే వాక్యం, ఒకే అచ్చుతప్పుతో ఉంది. మెయిన్ రోడ్డు మీద జిరాక్స్ షాపుల్లో రెడీమేడ్ రిపోర్టు స్పైరల్ బైండింగ్‌తో సహా దొరుకుతుందని మీకూ తెలిసే ఉంటుంది. పిల్లల్ని తిట్టబుద్ధి కాదు నాకు. ఆటో చార్జీ కంటే ఆ రిపోర్టే చవక.

ఒక లెక్క చెబుతాను. అయిదుగురు, మనిషికి 180 గంటలు, మొత్తం 900 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 112 పనిదినాలు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 300. ఆ లెక్కన చూసినా ఆ అయిదుగురు ఊరికి ఇచ్చిన శ్రమ 33 వేల పైమాటే. అంత శ్రమ ఊరికే తీసుకుని, అది పనికొచ్చేలా చేయడానికి అయిదువేలు పెట్టలేకపోవడం పొదుపు కాదు. విత్తనాలకు డబ్బు లేదని పొలం ఉత్తినే దున్ని వదిలేసినట్టుంది.

డబ్బు అసలు లేదా అంటే, మీ క్యాంపస్‌లలోనే స్టార్టప్ సెల్‌లు, ఇంక్యుబేషన్ సెంటర్లు ఉన్నాయి. యాప్ తయారు చేస్తామని వచ్చిన పిల్లలకు ఏసీ గది, సలహాదారులు, మొదలుపెట్టుకోవడానికి సీడ్ ఫండ్. మంచిదే, వద్దనను. బోరు నీళ్లు పరీక్ష చేస్తామని వచ్చిన వాళ్లకు లాగ్ బుక్ ఒక్కటి. లాభం వచ్చే ఆలోచనకు డబ్బు, ఊరికి పనికొచ్చే ఆలోచనకు సర్టిఫికెట్. ఈ తేడా ఎవరూ కావాలని పెట్టింది కాదు. కానీ పెట్టి చాలాకాలమైంది.

పాతకాలంలో ఇది లేదనీ కాదు. గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న ఎన్ఎస్ఎస్, అంటే జాతీయ సేవా పథకం, మొదలైనప్పుడు 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది విద్యార్థులు. దానికి ఒక ప్రోగ్రామ్ ఆఫీసర్, వందమందికో యూనిట్, ఏడు రోజుల క్యాంపు, వాలంటీరుకు ఇంతని కేటాయింపు. ఎంత తక్కువైనా ఒక పద్దు ఉంది. ఎన్ఎస్ఎస్‌లో చేరేది ఇష్టపడ్డవాళ్లు. సీఎస్పీ అందరికీ తప్పనిసరి. ఇష్టపడి చేసేదానికి పద్దు పెట్టి, తప్పనిసరి చేసినదానికి పెట్టకపోవడం నాకు ఎంత ఆలోచించినా అంతుబట్టలేదు.

అమెరికాలో కేథరిన్ వాసర్‌మన్ డేవిస్ అనే ఆవిడ 2007లో తన నూరో పుట్టినరోజుకు పది లక్షల డాలర్లు తీసి, కాలేజీ విద్యార్థుల నుంచి వంద ప్రాజెక్టులు ఎంచి ఒక్కోదానికి పదివేల డాలర్లు ఇమ్మన్నారు. ఎండాకాలం సెలవుల్లో శాంతికి పనికొచ్చే ఏదైనా పని చేయమని. తర్వాత అది ఏటా సాగింది. మన దగ్గర అంత డబ్బు అక్కర్లేదు. ఆ పద్ధతిలో నాకు నచ్చింది వేరే. విద్యార్థి ముందు తన ప్రతిపాదన రాయాలి, కాలేజీ దాన్ని నిలబెట్టి ప్రశ్నించాలి, అప్పుడు డబ్బు, చివర్లో లెక్కా రిపోర్టూ. అందరికీ పంచడం కాదు, ఆలోచించినవాళ్లకు ఇవ్వడం.

మీరు కూడా అందరికీ ఇవ్వక్కర్లేదు. సర్వే చేసి ఆగిపోయే జట్టుకు డబ్బుతో పని లేదు. రెండో సెమిస్టర్ నడుస్తుండగానే, అంటే ఫిబ్రవరిలోనే, అడిగినవాళ్ల చేత రెండు పేజీలు రాయించండి. మీ అఫిలియేటెడ్ కాలేజీల్లో జిల్లాకు ఒక చిన్న కమిటీ కూర్చుని వినాలి. అందులో ప్రొఫెసర్లు ఎంతమందైనా ఉండనీయండి, ఊరి నుంచి ఒక మనిషి తప్పక ఉండాలి. ఆశా కార్యకర్తో, పొదుపు సంఘం లీడరో, పంచాయతీ కార్యదర్శో. మా అరుగు మీది పెద్దావిడ లాంటివాళ్లు ఆ గదిలో ఒకరుంటే ప్లకార్డుల ప్రతిపాదన మొదటి నిమిషంలోనే పడిపోతుంది. ఒప్పుకున్నదానికి అయిదువేల నుంచి పదివేలు ఇవ్వండి. ముందే, అడ్వాన్సుగా. ఖర్చు పెట్టి బిల్లు తెస్తే ఇస్తామంటే అది ఇంట్లో డబ్బున్న పిల్లలకే పనికొచ్చే పథకం అవుతుంది. ఊళ్లో ఆటోవాడు జీఎస్టీ బిల్లు ఇవ్వడు. అది కూడా రూల్సు రాసేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

తినేస్తారు కదా అన్నారు నేను ఈ మాట చెప్పిన ఒక పెద్దమనిషి. తినొచ్చు. వందలో కొందరు తింటారు. ఖర్చుల పట్టీ పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించమని షరతు పెట్టండి. ఆడిటర్ కంటే ఊరివాళ్లు బాగా చదువుతారు. ఆటోకి మూడు వందలా, మా వెంకటేశు నూటయాభైకే తెస్తాడే అని అక్కడికక్కడే తేల్చేస్తారు.

మెంటర్ సంగతి దీనికంటే కష్టం, అందుకే దాన్ని వదిలేస్తారేమోనని భయం. వేసవిలో చేసే ఈ పనిని మా వర్క్‌లోడ్‌లో గంటలుగా లెక్కించండి. లేదా జిల్లాకు ఇద్దరు ముగ్గురు రిటైరైన వాళ్లను, నీటి శాఖలో, వ్యవసాయ శాఖలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేసినవాళ్లను గౌరవ వేతనం మీద పెట్టండి. మా జిల్లాలో ఏ బోరు ఎంత లోతో నోటికి చెప్పే రిటైర్డ్ ఇంజినీర్లు సాయంత్రం పూట పార్కులో కూర్చుని ఉంటారు. పిలిచేవాళ్లు లేరు. విశ్వవిద్యాలయాల పైనుండే యూజీసీ కూడా 2022లో కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్ మీద, అంటే ఊరితో కలిసి పనిచేయడం మీద, మార్గదర్శకాలు ఇచ్చి క్రెడిట్ కోర్సుగా పెట్టమంది. కోర్సు అన్నాక చెప్పేవాళ్లకు తర్ఫీదు ఉండాలి కదా. నాకు ఎవరూ ఇవ్వలేదు. ఊళ్లో సమావేశం ఎలా పెట్టాలో, సర్పంచ్‌కు కోపం వస్తే ఏం మాట్లాడాలో నాకు తెలియదు.

సర్పంచ్‌కు కోపం వచ్చింది కూడా. పిల్లలు బోర్ల మీద ఎర్ర రంగు, పచ్చ రంగు గుర్తులు వేద్దామనుకున్నారు. ఎవరు రాయమన్నారు మిమ్మల్ని, రేపు ఆ బోరు పక్క ఇంటివాళ్లతో తగువొస్తే ఎవరు నిలబడతారు అన్నాడాయన. ఆ క్షణంలో కోపమొచ్చినా, తర్వాత ఆలోచిస్తే ఆయనదీ న్యాయమే. విశ్వవిద్యాలయం తరఫున ఒక ఉత్తరం, ముద్ర, ఒక ఫోన్ నంబరు ఉండి ఉంటే ఆయన కాస్త మెత్తబడేవాడు. రంగు డబ్బా మా ల్యాబ్‌లోనే ఉంది ఇప్పటికీ.

ఇంకొక్క మాట, ఇది అన్నిటికన్నా చవకైంది. ఒక ఊరికి కనీసం మూడేళ్లు వరుసగా బ్యాచ్‌లు వెళ్లేలా రాయండి. ఇప్పుడు ప్రతి మే నెలలోనూ కొత్త పిల్లలు, కొత్త టాపిక్, మళ్లీ మొదటినుంచి సర్వే. మీ ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా అని అడిగించుకుని అడిగించుకుని ఊరివాళ్లు విసిగిపోయారు. నల్లగొండ పద్ధతి అని ఒకటుంది. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేసింది, పేరు మాత్రం మన నల్లగొండది. బకెట్టు నీళ్లలో పటిక, సున్నం వేసి కలిపి, తేర్చి, పైనీళ్లు వంపుకోవడం. ఇంట్లో చేసుకోవచ్చు. కానీ పటిక ఎంత వేయాలో ఆ నీళ్ల ఫ్లోరైడ్‌ని బట్టీ, క్షారాన్ని బట్టీ మారుతుంది, అడుగున దిగిన మడ్డి ఎక్కడ పారేయాలో కూడా చూడాలి. మొదటి బ్యాచ్ నీళ్లు కొలవాలి, రెండోది మోతాదు తేల్చాలి, మూడోది పది ఇళ్లలో చేయించి చూడాలి. 180 గంటల్లో అయ్యే పని కాదది. 180 గంటలు మూడుసార్లు అయితే అవుతుంది. రెండో ఏడు మోతాదు కుదరలేదని తేలినా ఆ పిల్లలకు పూర్తి మార్కులు ఇవ్వాలి. "కుదరలేదు, ఎందుకంటే" అని రాసిన రిపోర్టు ఒక్కటి చూడాలని నాకు కోరిక. ఇన్నేళ్లలో అందరివీ విజయవంతమైన ప్రాజెక్టులే.

మా సీసాల ఫలితాలు ఆగస్టులో వచ్చాయి. అప్పటికి పిల్లలు మూడో సెమిస్టర్‌లో పడ్డారు, మార్కులు వెళ్లిపోయాయి, అందరికీ తొంభై పైనే. ఇప్పుడు వాళ్ల డిగ్రీ కూడా అయిపోవచ్చింది. ఒక్కో సీసాకు ఒక్కో వరుస, ఒకటే కాగితం, నా టేబుల్ సొరుగులో ఉంది. ఒకసారి వెళ్లి చదివి వచ్చాను. పెద్దావిడ నిద్రపోతోంది, కోడలికి చెప్పాను. చేతిపంపు నీళ్లలో ఫ్లోరైడ్ హద్దులోనే ఉంది, లవణాలు మాత్రం హద్దు దాటాయి. "అయితే తాగాలా వద్దా?" అని ఆ అమ్మాయి రెండుసార్లు అడిగింది. మళ్లీ వచ్చి చెబుతానన్నాను.

ఈ మే నెలలో ఆ ఊరివైపు నుంచి నలుగురు వస్తున్నారు. వాళ్లను అక్కడికే పంపుతాను, పంచాయతీ బీరువాలో కిట్టు తీయించమని మొదటే చెబుతాను. వాళ్ల ఆటో చార్జీ, ల్యాబ్ ఫీజు, పటిక, సున్నం కలిపి అంచనా ఈ ఉత్తరంతో పాటు మీ ఆఫీసుకు పంపిస్తున్నాను. నాలుగువేల ఆరువందలు. ఏ పద్దు కింద రాయాలో మీరే చెప్పాలి.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్